పెదజాలారిపేట గోడ మీద కానాగంతలు

మంగళవారం

విజయవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే భోజనాల వేళకి విశాఖలో దిగొచ్చు. అన్నవరం దగ్గర కొండలు చూస్తూ, తుని దాటాక కునికిపాట్లు పడుతూ వచ్చాను. మే నెల. ఈ ఎండకి మా విజయవాడలో మాడిపోతాం, ఇక్కడ ఉడికిపోతాం, అంతే తేడా.

మా పెద్దమ్మ కూతురు చేస్తున్న పని చూద్దామని వచ్చాను. అక్క ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. కొన్నాళ్ళు కాన్వాసుల మీద వేసింది, ఎగ్జిబిషన్లు పెట్టింది, తర్వాత అవన్నీ కట్టిపెట్టి గోడల మీద పడింది. బడి గోడైనా, అంగన్‌వాడీ గోడైనా, సంత వెనక గోడైనా ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళ చేతే వేయిస్తుంది. ఈసారి పెదజాలారిపేటలో సముద్రానికి ఎదురుగా ఒక పెద్ద గోడ దొరికింది. అరవై అడుగుల పొడుగు, తొమ్మిది అడుగుల ఎత్తు.

స్టేషన్ నుంచి ఆటోలో వస్తుంటే ఫ్లైఓవర్ స్తంభాల మీదా, రోడ్డు పక్క గోడల మీదా బొమ్మలే. 2023 మార్చిలో ఇక్కడ జి-20 సమావేశం జరిగినప్పుడు ఊరంతా రంగులు పూసుకుంది. థింసా ఆడే ఆడవాళ్ళు, బుద్ధుడు, డాల్ఫిన్లు, తాబేళ్ళు. బాగున్నాయి కదా అన్నాను అక్కతో.

"బాగానే ఉన్నాయి. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మనం వెల్ల వేయించమూ? అలాగే. కానీ ఆ థింసా ఆడేవాళ్ళని ఎవరైనా అడిగారా, మిమ్మల్ని ఎలా వెయ్యమంటారు, చీర ఎలా కట్టమంటారు అని?"

ఆ మాటలో న్యాయం ఉంది. కొంచెం కడుపుమంట కూడా ఉంది లెండి. ఆ పనుల కోసం ఆవిడా అర్జీ పెట్టుకుంది, రాలేదు.

పని పెట్టుకోవడానికి మే నెలే ఎందుకో సాయంత్రం ఒడ్డుకి వెళ్ళాక తెలిసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మోటారు లేని తెప్పలకి అడ్డు లేదు గానీ, మిగతావన్నీ ఒడ్డుకెక్కి కూర్చుంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పడవలకి రంగులేసుకుంటూ కనిపించారు. ఎలాగూ చేతిలో బ్రష్షుంటుంది, ఒక గంట నా గోడకివ్వండి అని అడుగుతోంది అక్క.

బుధవారం

గోడది తూర్పు ముఖం. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి దాని మీద చెయ్యి పెట్టలేం. కాలే గోడ మీద ఎమల్షన్ వేస్తే బ్రష్షు నడవదు, వేసిన చోటే ఆరిపోతుంది, దాని మీద మళ్ళీ తగిలిస్తే చారలు తేలతాయి. అందుకని పని మధ్యాహ్నం మూడున్నర తర్వాతే, నీడ వచ్చాక. తీరా నీడ వచ్చే వేళకి గాలి లేస్తుంది, గాలితో ఇసుక. తడి రంగు మీద సన్నగా ఇసుక పడుతుంటే నాకు ప్రాణం పోయింది. అక్క మాత్రం తలెత్తి కూడా చూడలేదు.

నేను రాకముందు చాలా రోజులు గోడకే సరిపోయిందట. ఉప్పుగాలి గోడ, కింద మోకాలెత్తు దాకా చవుడు పొంగింది. వైరు బ్రష్షుతో గీకడం, మంచినీళ్ళతో కడగడం, ఆరనివ్వడం, మళ్ళీ పొంగితే మళ్ళీ గీకడం. ఆ తర్వాత లప్పం, ఎమరీ, ప్రైమర్. లీటరు రంగు ఒక పూతకి సుమారు వంద చదరపు అడుగులకొస్తుంది, ఈ గోడకి రెండు పూతలంటే పది, పదకొండు లీటర్లు సరిపోతాయి. ఖర్చంతా గోడని తయారుచెయ్యడం కిందకే పోయింది అంది అక్క. బొమ్మ బాగుందనేవాళ్ళే గానీ ప్రైమర్ ఎన్ని పూతలేశారని అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఈ ఊళ్ళో ఏడాది తిరక్కుండానే పెచ్చులూడిన బొమ్మలు చాలావరకు అక్కడ పిసినారితనం చేసినవే.

తెల్లగా తయారైన గోడ ముందు పిల్లల్ని నిలబెట్టి, చేతికి తలొక రంగు చాక్‌పీసూ ఇచ్చి, "మీ పేర్లు రాయండి, ఇష్టమొచ్చినంత పెద్దగా" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. పావుగంటలో గోడ నిండా పేర్లు, పేర్ల మధ్య సున్నాలు, బాణాలు, ఒక క్రికెట్ బ్యాటు, ఎవడిదో ఫోన్ నంబరు. ఫోన్ నంబరొక్కటీ తుడిపించింది. తర్వాత దూరంగా వెళ్ళి ఫోన్‌తో గోడని ఫొటో తీసింది. ఆ ఫొటో మీద తను గీసుకున్న బొమ్మని పల్చగా పరిచింది. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే పడవ ముక్కు ఎవరి పేరు మీద పడిందో, చేప కన్ను ఏ అక్షరం కొమ్ము దగ్గరుందో తెలిసిపోతుంది. గోడ మీద ఆ అక్షరాన్ని వెతికి పట్టుకుంటే చాలు.

కొలతలూ గడులూ గీస్తే రెండు రోజులు పట్టే పని సాయంత్రానికల్లా అయిపోయింది. గోడల మీద పెద్ద బొమ్మలేసేవాళ్ళు చాలామంది ఇలాగే పిచ్చిగీతలు గీసుకుంటారట. ఆ గీతల చోట పిల్లల పేర్లు పెట్టడం అక్క సొంతం. ఒకడొచ్చి "అక్కా, నా పేరు రంగు కింద ములిగిపోద్దేటి?" అన్నాడు. పోతుంది, కానీ అక్కడే ఉంటుంది అంటే వాడికి నచ్చలేదు. చివర్లో పక్కన అందరి పేర్లూ మళ్ళీ రాయిస్తానని ఒప్పందం కుదిరాకే కదిలాడు.

గీత పూర్తయ్యే వేళకి వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన నెమ్మదిగా లేచొచ్చాడు. చేపల గుంపు ముందు నిలబడి, లుంగీ బిగించుకుని, చాలాసేపు చూశాడు.

"ఏ సేపలమ్మా ఇవి?"

"కానాగంతలు బాబాయ్."

"కానాగంతకి గీతలు ఇలగ పైనించి కిందకి ఉంటాయేటి? తల కాడినించి తోక కాడికి ఉంటాయి, ఈపు మీద. ఇది వంజరంలాగుంది. వంజరం ఇలగ గుంపుగా కానాగంతల్తో ఎందుకుంటదమ్మా, తినేద్దికి గాని?"

అక్క మారు మాట్లాడకుండా చాక్‌పీసు ఆయన చేతికిచ్చింది. ఆయన వెనక్కి తగ్గాడు. గీయను, చెప్తానన్నాడు. ఆయన చెప్తుంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి గీసింది. తోక చీలిక దగ్గర ఆయన తన వేలితోనే తుడిచి దిద్దాడు. వంజరాన్ని గుంపులోంచి తీసి వెనక పెట్టించాడు, నోరు తెరిచి తరుముకొస్తున్నట్టు. బొమ్మకి అంతవరకు లేని కథ ఒకటి వచ్చింది.

రాత్రి ఇంట్లో అక్క ఒక పాత పుస్తకం ప్రింటవుట్లు చూపించింది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖలో ఉండగా ఈ తీరపు చేపల బొమ్మలు వేయించాడు. రెండు వందల చేపలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. బొమ్మల దగ్గర జాలర్లు చెప్పిన పేర్లే ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నాయి. కానాగుర్త ఉంది, వింగెరం అని మన వంజరమూ ఉంది. కానాగంతకి ఇప్పటికీ ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో ఆ కానాగుర్తే ఉంది. చేప పట్టి తెచ్చిందీ, పేరు చెప్పిందీ జాలర్లు. గీసింది ఇక్కడి చిత్రకారులు. అట్ట మీద పేరు రస్సెల్‌ది. "రెండు వందల ఏళ్ళ కిందటి గుంపు పని ఇది, క్రెడిట్లు మాత్రం లేవు" అంది అక్క. రస్సెల్ లేకపోతే ఆ బొమ్మలూ ఉండేవి కాదు కదా అన్నాను. అదీ నిజమే అని ఒప్పుకుంది గానీ, గోడ పక్కన పేర్ల పట్టీ కోసం ఎంత జాగా వదలాలో ఆ రాత్రే కొలిచి పెట్టుకుంది.

గురువారం

గురువారం కదా అని పొద్దున్నే పాత ఊళ్ళో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళాం. మార్గశిరంలో అయితే అడుగు పెట్టలేం, మే నెలలో కాస్త ఊపిరాడింది. అమ్మవారికి పైకప్పు లేదు, ఆకాశమే. పూజారి చేతికిచ్చి దూరంగా నిలబడే పద్ధతి కూడా లేదు, పసుపూ కుంకుమా ఎవరికి వాళ్ళే స్వయంగా పెట్టుకుంటారు. నా ముందున్నావిడ తన చేత్తో అమ్మవారికి బొట్టు పెట్టి, సరిగ్గా కుదిరిందో లేదో వెనక్కి వంగి చూసుకుంది. తర్వాత పూర్ణా మార్కెట్లో మామిడిపళ్ళు కొనుక్కుని వచ్చేశాం.

మధ్యాహ్నం పని గోడ దగ్గర కాదు, ఒక ఇంటి అరుగు మీద. పేటలో పెద్దవయసు ఆడవాళ్ళు ఎండలో నిలబడలేరు, పరంజా ఎక్కలేరు. వాళ్ళ కోసం పల్చటి గుడ్డ తెచ్చింది అక్క, నేత లేని రకం. దాన్ని అడుగున్నర ముక్కలుగా కోసి, ప్రైమర్ కొట్టి, బొమ్మలో వాళ్ళ భాగం దాని మీద గీసి ఇస్తుంది. కూర్చుని వేసుకుంటారు. ఆరాక జిగురు జెల్‌తో గోడకి అతికిస్తే అంచు కూడా కనిపించదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గోడల మీద పిచ్చిరాతలు మాన్పించడానికని 1984లో మొదలైన కార్యక్రమం తర్వాత ఊరంతా కుడ్యచిత్రాలుగా పెరిగింది. అక్కడ ఈ గుడ్డ బాగా వాడతారు. జైల్లో ఉన్నవాళ్ళు లోపల వేసిన ముక్కలు బయట గోడలకి ఎక్కాయి. లాస్ ఏంజెలిస్‌లో జూడిత్ బాకా అనే చిత్రకారిణి 1970లలో మొదలుపెట్టి వరద కాలువ గోడ మీద నాలుగు వందల మందికి పైగా కుర్రవాళ్ళ చేత అరమైలు పొడుగున చరిత్ర వేయించింది. అక్క ఆవిడ పేరెత్తితే గురువు పేరెత్తినట్టే.

ఇవన్నీ ఆవిడ నాకు చెప్పింది, అరుగు మీదవాళ్ళకి చెప్పలేదు. అక్కడ గొడవే వేరు.

"నాకు సంతకమే రాదు, నానేటి బొమ్మలేత్తానమ్మా" అంది ఎండుచేపలమ్మే ఒకామె.

"ముగ్గేస్తావా అత్తా?"

"ముగ్గెయ్యనేటి?"

"ఎన్ని చుక్కలు?"

"సంక్రాంతికి ఇరవైయొక్కటేస్తాను, ఈది సగం."

మరి ఇంకేం అన్నట్టు అక్క రంగు కప్పు ముందుకి జరిపింది. కప్పు మూత మీద నంబరు, నంబరు పక్కన అదే రంగు చుక్క. గుడ్డ మీద గీతల మధ్య అవే నంబర్లు. మూడున్న చోట మూడు, ఏడున్న చోట ఏడు. సందేహమొస్తే మూత మీద చుక్క చూసుకోవడమే, చదువు రానవసరం లేదు. ఒక కప్పుకి ఒకటే బ్రష్షు. ఈ ఒక్క నియమం తప్పితే సాయంత్రానికి రంగులన్నీ బురద. నియమం తప్పింది ఆ అత్తలు కాదు, వాళ్ళ మనవలు.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళెవరు ఒక పూట కూర్చున్నా అక్క కూలి లెక్క కట్టి ఇస్తుంది. పిల్లలకి టిఫిను. "ఇంతమంది చేత ఊరికే చేయించుకుని నేను చిత్రకారిణిననుకుంటే దాన్ని వెట్టి అంటారు" అంది. ఇలాంటి పనులకి డబ్బిచ్చేవాళ్ళు రంగులకిస్తారు, బ్యానరుకిస్తారు, కూలి అనేసరికి మొహం మాడ్చుకుంటారట. అందుకే ఈవిడకి పనులు తక్కువ.

శుక్రవారం

ఈ రోజు బ్రష్షు ముట్టలేదు. గోడ మధ్యలో పెద్ద పడవ వెనక ఏం రావాలన్న దాని మీద పొద్దున్న మొదలైన పంచాయితీ చీకటి పడేదాకా నడిచింది. కుర్రాళ్ళు తమ హీరో బొమ్మ నిలువెత్తున కావాలన్నారు. ఇంకో హీరో మనుషులు అయితే మా వాడూ ఉండాలన్నారు. పెద్దవాళ్ళు గంగమ్మ తల్లిని వెయ్యమన్నారు. చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు, గంగమ్మని వేస్తే మాకూ ఒక శిలువ ఉండాలి కదా అన్నారు, గొడవకి కాదు, నెమ్మదిగానే. ఎవరో వార్డు నాయకుడి పేరు కూడా తెచ్చారు, దానికి మాత్రం అందరూ ఒక్కసారే వద్దన్నారు.

సీతంపేట వైపు సవరల ఇంటిగోడల బొమ్మల్ని అక్క ఒకప్పుడు వెళ్ళి చూసొచ్చింది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేస్తారు. పెద్దల కోసం, దేవతల కోసం వేసే ఆ గోడల మీద సైకిళ్ళూ రైళ్ళూ విమానాలూ కూడా ఎక్కుతాయని గిరిజనుల జీవితాన్ని చదివిన వెరియర్ ఎల్విన్ డెబ్భై ఏళ్ళ కిందటే రాశాడు. కాబట్టి ఫలానాది గోడకి తగదు అని ఆవిడ అనదు. కానీ ఒకరిది ఎక్కితే ఇంకొకరు గోడ వైపే చూడని బొమ్మ మాత్రం పెట్టదు. అది తేల్చుకోవడం మీ పని అని పక్కకెళ్ళి కూర్చుంది. గంటలు గడుస్తున్నా మాట సాయం చెయ్యలేదు. నేనైతే ఎప్పుడో ఏదో ఒకటి తేల్చేసేదాన్ని.

చివరికి తేల్చింది ఆడవాళ్ళు. హీరోల పేర్లు నిజం పడవల మీద ఎలాగూ ఉంటాయి, ఈ పడవ పక్కల మీదా రాసుకోండి, చెరో వైపు. బొమ్మలో ఒక వైపే కదా కనిపించేది అని ఒకడన్నాడు. అయితే రెండు పడవలు వెయ్యమన్నారు. దేవుళ్ళిద్దరూ ఇళ్ళల్లోనే. వెనక ఖాళీలో హుద్‌హుద్ ముందటి పేట. 2014 అక్టోబర్ 12న ఆ తుఫాను ఊరి చెట్లన్నీ కూల్చేసింది కదా, ఒక ముసలమ్మకి తన గుమ్మం ముందు కొబ్బరిచెట్టు కావాలి. ఒకటి కాదు, జంట. ఒకటి నిటారుగా, రెండోది సముద్రం వైపు ఒరిగి. ఎంత ఒరిగి ఉండేదో చెయ్యి వంచి చూపించింది. అక్క మోచేతి నుంచి ఆ వంపుని కాగితం మీదకి ఎక్కించుకుంది.

శనివారం

పొద్దున్న బీచ్ రోడ్డు మీద ఒంటరిగా నడిచాను. కురుసుర జలాంతర్గామి ముందు ఫొటోలు దిగేవాళ్ళ వరస అప్పటికే మొదలైంది. ఎండెక్కే లోపల ఇంటికి.

సాయంత్రం గోడ దగ్గర జాతర. ఎంతమంది వేశారో లెక్క తెలీదు. ఒక చెయ్యి ఆకాశం వేస్తుంటే దాని సంకలోంచి ఇంకో చెయ్యి నీళ్ళు వేస్తోంది. పడవలకి రంగులేసే ఒకాయన పరంజా మీద ఒక్క విసురులో అడుగున్నర నిటారు గీత లాగితే కింద పిల్లలు ఈలలేశారు. ఒక ఆరేళ్ళ పిల్ల కానాగంత కన్ను వేసింది. రెప్పలు కూడా పెట్టింది, పైన ఐదు, కింద మూడు. చేపకి రెప్పలేంటని అన్న వెక్కిరించాడు. పిల్ల ఏడవలేదు, ఇంకో రెండు రెప్పలు పెట్టింది.

అందరూ వెళ్ళాక వీధిదీపం కింద అక్క సన్న బ్రష్షు తీసింది. నేను ఎదురుచూస్తున్నది దీని కోసమే. గుంపు చేత వేయించే చిత్రకారులంతా రాత్రిపూట గుట్టుగా దిద్దుకుంటారని విన్నాను, పొద్దున్నకి గోడ శుభ్రంగా ఉంటుంది, అది తామే వేశామని జనం మురిసిపోతారు. నువ్వూ అంతేనా అని అడిగేశాను.

"చూడు మరి" అంది.

చూశాను. కారిన రంగు చారలు తుడిచింది. ప్రైమర్ కనిపిస్తున్న సందులు పూడ్చింది, లేకపోతే వానకి చెమ్మ అక్కడే దూరుతుంది. రెండు రంగులు కలిసి మురికైన చోట రెండో పూత వేసింది. పడవ అంచు గీత వంకరపోయిన చోట ఆగి, నిలబడి, వదిలేసింది. అది ఎవరు వేశారో తెలుసట, రేపు వాళ్ళే చూసుకుని దిద్దుకుంటారట. రెప్పల చేప జోలికి వెళ్ళనే లేదు.

"వంకర బాగుందనా వదిలేశావు?"

"బాలేదు. బాగుందని ముద్దు చెయ్యడం నాకు చేతకాదు. ఆ పడవ ఆయన ఇరవై ఏళ్ళు పడవలకి రంగేశాడు, ఆ గీత వంకరని ఆయనకి తెలీదా? రాత్రికి రాత్రి నేను సరిచేస్తే రేపు నా మొహం చూడడు."

"మరి పాప వేసిన కన్ను?"

"అందులో తప్పేముంది?"

నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. ఏ వంకర మిగలాలో, ఏది పోవాలో చీకట్లో ఒంటరిగా తేలుస్తున్నది చివరికి ఆవిడే. బొమ్మ పేట అందరిదీ అంటాం గానీ సన్న బ్రష్షు ఒక్కరి చేతిలోనే ఉంది. ఆ మాటే అంటే, అందుకే చీకటి పడకముందే దిద్దడం అలవాటు చేసుకోవాలి, అందరి ఎదురుగా, అంది. ఎందుకు చెయ్యట్లేదంటే, "సిగ్గు" అంది, అంతే.

ఆదివారం

గుడ్డ ముక్కలు అతికించే రోజు. గోడకి జెల్ పూసి, ముక్క పరిచి, మధ్యనించి అంచులకి రోలర్‌తో గాలి బయటికి తొయ్యాలి. బుడగ మిగిలితే ఎండకి ఉబ్బుతుంది. ఎండుచేపల అత్త తన ముక్క పైకెక్కుతుంటే కింద నిలబడి, "పైకి, ఇంకా పైకి, ఆ, ఆగు" అని మేస్త్రీలా చెప్పింది. పడవ మేస్త్రీ ఆయన ఎవరూ చెప్పకుండానే వచ్చి తన వంకర గీత మీద రెండో పూత లాగి వెళ్ళిపోయాడు. పెద్దాయన కానాగంతలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి రెప్పల చేప దగ్గర ఆగాడు. ఎవరేశారని అడిగి, ఎంత వయసని అడిగి, సర్లే అన్నాడు. వంజరం పళ్ళు మాత్రం బాలేవన్నాడు. ఒక నిజం వంజరం తెచ్చి చూపిద్దామంటే జూన్ 14 దాకా ఆగాలి.

పేర్ల పట్టీలో జాగా చాల్లేదు. అక్క బుధవారం కొలిచింది నలభై పేర్లకి, వచ్చినవి అంతకి రెట్టింపు. అక్షరాలు చిన్నవి చేసి, రెండో వరస పెట్టి, తన పేరు అక్షర క్రమంలో ఎక్కడొస్తే అక్కడ ఇరికించింది. ఈ గోడ కట్టిన ఒకావిడ, సిమెంటు కలిపినవాడి పేరు లేదేమని అడిగితే అదీ చేర్చారు.

చివరి పూత వేస్తుంటే మోటారు తెప్ప కుర్రాడొకడు మిగిలిన నీలం రంగు అడిగాడు, పడవకి వేసుకుంటానని. ఇది గోడ రంగు, నీళ్ళలో నిలవదు, నీకు ఎనామెల్ కావాలి అంది అక్క. వాడు కాసేపు ఆలోచించి, అయితే మా ఇంటి ముందు గోడకేస్తానన్నాడు. గోడకి ముందు చవుడు గీకాలి, ప్రైమర్ కొట్టాలి అని ఆవిడ మొదలుపెట్టేసరికి, వాడి వెనక ఇంకో ముగ్గురు తమ ఇళ్ళ గోడల సంగతి అడగడానికి వచ్చి నిలబడ్డారు. రైలుకి టైమవుతోందని నేను సంచీ సర్దుకోవడానికి వెళ్ళాను.